లంక బురదలో క్లబ్బు యాత్ర: దారి, గాలి, తాళ్లు, పుంత

గోదారి చక్రం (నిర్వాహకుడు):

దసరా తరువాత వచ్చే రెండో ఆదివారం, బురదదారుల్లో బండ్లు నడిపే మన క్లబ్బు వాహనాలతో గౌతమి లంకలోకి, అంటే గోదావరి గౌతమి పాయలో ఏటిగట్టుకు లోపలున్న మేట భూమిలోకి, వెళ్లాలని నిర్ణయించాము. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి, ఏటిగట్టు వెంబడి ఉన్న పుంతలో (పొలాలకు పోయే మట్టిబాటలో) కొంత దూరం సాగి, ర్యాంపు మీదుగా గట్టు దాటి లంకలోకి దిగుతాము. మనం తిరగబోయే భూమి మొన్నటి వరదకు ఒండ్రు మేట వేసి, పైరు లేకుండా ఖాళీగా ఉన్నది. దాని యజమాని అనుమతి ఇచ్చారు. పుంత మాత్రం ఊరందరిదీ కాబట్టి అక్కడ విన్యాసాలకు తావు లేదు, వెళ్లడం, రావడం, అంతే.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతవరకు ఆగి చూడడం మనకు కుదరదు. భద్రాచలం దగ్గర 43 అడుగుల మొదటి హెచ్చరిక వచ్చిందంటే యాత్ర రద్దయినట్లే భావించండి, ఎందుకంటే అక్కడి నీరు ఆ తరువాత మన మీదికే వస్తుంది, లంకలో దిగిన వాహనాలన్నిటికీ బయటపడే ర్యాంపు ఒక్కటే ఉంది.

ముందు వాహనం నేను నడుపుతాను. చివరి వాహనం స్పానరు గారిది. ముందు వెళ్లిన వాహనం గట్టినేల ఎక్కి చెయ్యి ఊపేదాకా వెనకది కదలకూడదు. సందేహాలుంటే ఇక్కడే అడగండి, ఆ రోజు పొద్దున్న గట్టు మీద అడిగితే జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

కొత్త బొలెరో:

అన్నయ్యగారూ, నాది వెనక చక్రాలకే శక్తి అందే బొలెరో. క్లబ్బులో చేరిన తరువాత ఇదే నా మొదటి యాత్ర. దాన్ని లంకలోకి దింపవచ్చా? టైర్లలో గాలి ఎంత ఉంచాలి? వేగంగా వెళ్తే బురద మీద తేలిపోతుందని మా వీధిలో ట్రాక్టరు నడిపే అతను చెప్పాడు, అది ఎంతవరకు నిజం?

స్పానరు:

తమ్ముడూ, నీ బొలెరో పుంతలో హాయిగా వస్తుంది, ర్యాంపు పైన గట్టు మీద ఆపి అక్కడినుంచి మాలో ఎవరి బండిలోనైనా ఎక్కు. అందులో చిన్నతనమేమీ లేదు. మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు) ఉన్న ఇరుసులో ఒక చక్రం పట్టు తప్పిందంటే శక్తి ఆ చక్రానికే పోతుంది, గట్టినేల మీద ఉన్న రెండో చక్రం కదలదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండ్లకూ ఇదే జబ్బు ఉంది కానీ వాటికి నాలుగింటిలో రెండు మిగులుతాయి. లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉంటే మరి కాస్త నయం.

గాలి సంగతి. రోడ్డు మీద 30 పైచిలుకు పీఎస్‌ఐ ఉంచేవారు లంకలోకి దిగేముందు 18 నుంచి 20 దాకా తగ్గించండి. టైరు నేలమీద పరుచుకునే మేర పెరుగుతుంది, ముఖ్యంగా పొడుగునా పెరుగుతుంది, దానితో బరువు ఎక్కువ మట్టి మీద సర్దుకుంటుంది. అంతకంటే బాగా తగ్గించి స్టీరింగు గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. బురదలో ఊడిన టైరును మళ్లీ ఎక్కించడం ఎంత అసహ్యమైన పనో చేసినవాడికే తెలుస్తుంది. తిరిగి రహదారి ఎక్కేముందు గాలి నింపుకోవడం తప్పనిసరి, కాబట్టి కంప్రెసర్ లేనివారు ఉన్నవారితో ముందే మాట్లాడుకోండి.

వేగం గురించి చెప్పిన ట్రాక్టరతను దమ్ము చేసిన చేలో తన అనుభవం చెప్పాడు, అక్కడ అతనికి ఇనుప దమ్ము చక్రాలు ఉన్నాయి. మనకు కావలసింది ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే అమరికలో) రెండో గేరు, నిలకడైన యాక్సిలరేటరు. చక్రం తిరుగుతూ బండి ముందుకు పోవడం ఆగిన క్షణాన కాలు తీసెయ్యాలి. ఆ తరువాత తిప్పిన ప్రతి చుట్టూ గొయ్యి తవ్వడమే. వచ్చిన గాడిలోనే వెంటనే రివర్సులో వెనక్కి రావడం చాలాసార్లు సాధ్యమవుతుంది. ముందుకే పోవాలన్న పట్టుదల వల్లనే ఎక్కువ బండ్లు దిగబడతాయి.

కాకినాడ జీపు:

స్పానరు గారి మాటలన్నీ ఒప్పుకుంటాను, టైర్ల వెడల్పు విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. సన్నటి టైరు పైబురదను కోసుకుంటూ కిందికి దిగి, అడుగున ఉన్న గట్టినేలను పట్టుకుంటుంది. పాతకాలపు జీపులు సన్నటి టైర్లతోనే ఏ దారినైనా దాటేవి. ఇప్పుడు అందరూ అందం కోసం వెడల్పు టైర్లు వేయించి, బురదలో పడవలాగా జారుతున్నారు.

లంక సేద్యం:

అయ్యా, మీరు చెప్పిన గట్టినేల పుంతలో ఉంటుంది. మా పెద్దలు ఇటుక ముక్కలు, పెంకులు, రాళ్లపొట్టు ఏళ్ల తరబడి పోసినందువల్ల పైన రొంపి ఉన్నా అడుగు గట్టిగా తగులుతుంది, అక్కడ మీ సన్నటి టైరు పనిచేస్తుంది. లంకలో అలా కాదు. అది గోదావరి తెచ్చి పోసిన మట్టి, ఇసుక పొర మీద ఒండ్రు పొర, దాని మీద మళ్లీ ఇసుక. మీ టైరు కోసుకుంటూ ఎంత లోతుకు దిగినా అడుగు దొరకదు, బండి పొట్ట ఆనినప్పుడే ఆగుతుంది. లంకలో గాలి తగ్గించిన వెడల్పు టైరే మేలు.

అసలు చెప్పవలసింది మరొకటి ఉంది. మీరు పెట్టుకున్న తేదీకి సార్వా (మొదటి పంట) కోతలు దగ్గరపడతాయి. వరికోత యంత్రాలు, ధాన్యం బస్తాల ట్రాక్టర్లు ఆ పుంతలోనే రావాలి. ఒక వాన పడి, దాని మీద మీ బండ్లన్నీ వరుసగా నడిస్తే పడే గాళ్లలో నీరు నిలుస్తుంది, ఆపైన ట్రాక్టరు తొట్టి ఒరుగుతుంది. లంక భూమి యజమాని ఒక్కరి అనుమతి మీకు సరిపోదు. పుంతను వాడే రైతులతో కూడా మాట్లాడుకోండి.

గోదారి చక్రం:

బాబాయిగారూ, మంచి మాట చెప్పారు. ఈ వారమే ఊళ్లోకి వచ్చి పెద్దలతో మాట్లాడతాను. ముందురోజు వాన పడితే పుంతలోకి దిగకుండా యాత్రను వాయిదా వేస్తాము. వాన లేకపోయినా పుంతలో పడిన గాళ్లను క్లబ్బు ఖర్చుతో పూడ్చి అప్పగిస్తామని మాట ఇస్తున్నాను.

వైనతేయ తీరం:

ఇన్ని తంటాలు ఎందుకండీ? ఓడలరేవు వైపు సముద్రపు ఒడ్డు ఉంది, సరుగుడు తోటల వెనక ఎవరి పొలమూ కాని ఇసుక మేరలు ఉన్నాయి. లేదంటే కోరింగ వైపు మడ అడవుల పక్కన అసలైన నల్లబురద ఉంది. రైతులతో పేచీ ఉండదు, ఫోటోలూ బాగుంటాయి.

పసుపు జిమ్నీ:

ఎవరి పొలమూ కాదంటే ఎవరైనా తొక్కవచ్చని అర్థం కాదండీ. కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, అది దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. మడచెట్లు గాలి పీల్చుకునే వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొని ఉంటాయి. వాటి మీదుగా ఒక్కసారి చక్రం పోతే చెట్టు ఊపిరి తీసినట్లే. ఒడ్డు సంగతికి వస్తే, ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అన్నీ తీర నియంత్రణ నిబంధనల్లో అత్యంత కఠినమైన మొదటి వర్గంలోకి వస్తాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి వచ్చేది జనవరి నుంచి అయినా దిబ్బలు పాడయ్యాక వాటికి చోటెక్కడుంటుంది?

చట్టాన్ని పక్కన పెట్టినా పని జరగదు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు పొంగడం), రెండు పాట్లు (నీరు వెనక్కి తీయడం). పాటు మీద ఉన్నప్పుడు ఏటిపాయలో దిగబడిన బండికి దాదాపు 6 గంటల్లో పోటు వచ్చి ముంచేస్తుంది. లంక బురదలో బండి రేపటిదాకా ఉన్నా దాని చోటున అది ఉంటుంది. పైగా ఉప్పునీరు ఇరుసు బేరింగుల్లోకి, వైర్ల కొసల్లోకి చేరితే కడిగినా పూర్తిగా పోదు, నెలల తరువాత తుప్పుగా బయటపడుతుంది.

వైనతేయ తీరం:

సరేనమ్మా, ఆ పోటు లెక్క నాకు తట్టలేదు. లంకకే వస్తాను. నా దగ్గర ఇనుప గొలుసు ఉంది, లారీలు లాగేది, తీసుకురమ్మంటారా?

స్పానరు:

గొలుసును దయచేసి ఇంట్లోనే ఉంచండి. గొలుసు సాగదు. లాగే బండి ఒక్క ఊపున కదిలితే ఆ దెబ్బంతా కొక్కెం మీద, ఛాసిస్ మీద పడుతుంది. తెగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మనం వాడేది నైలాన్ కైనెటిక్ తాడు. అది తన పొడవులో 30 శాతం దాకా సాగి, ఆ బిగువును మెల్లగా దిగబడిన బండికి అందిస్తుంది. అలాగని అది సాధుజంతువు కాదు, సాగిన తాడులో ఉన్న శక్తి తుపాకి గుండు లాంటిది. అందుకే ట్రెయిలరు తగిలించే గుండ్రటి బంతికి ఎన్నడూ తాడు వేయవద్దు. అది విరిగి ఎగిరి మనుషులు చనిపోయిన ఘటనలు ఇతర దేశాల్లో జరిగాయి. బంపరు కింద కనిపించే సన్నటి రింగులు చాలా బండ్లలో లారీ మీద కట్టివేయడానికి ఇచ్చినవి, వాటినీ నమ్మకండి. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన రికవరీ కొక్కెం (దిగబడిన బండిని లాగడానికి తాడు తగిలించేది) లేనివారు యాత్రకు ముందే వేయించుకోండి.

ఇంకొక చిన్న పని. ఇరుసుల బ్రీదరు గొట్టాలు (ఇరుసు లోపలి గాలి వచ్చిపోయే సన్నటి గొట్టాలు) ఎక్కడ తేలాయో చూసుకోండి. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గొట్టం కింద ఉంటే నీటిని లోపలికి పీలుస్తుంది. నూనె పాలలాగా తెల్లబడిందంటే అదే కారణం.

కొత్త బొలెరో:

తాడు బిగిసినప్పుడు మేమెక్కడ నిలబడాలి?

స్పానరు:

తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు. తాడు దాటడం, దాని మీద కాలు వేయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సైగలు ఒక్కరే చేయాలి. ఊరివాళ్లు నలుగురు చేరి నాలుగు రకాలుగా అరుస్తారు, పాపం సాయం చేయాలనే, కానీ డ్రైవరు చూడవలసింది ఆ ఒక్క మనిషి చేతులనే.

పసుపు జిమ్నీ:

యాత్ర ముగిసింది, వివరాలు రాస్తానని ఒప్పుకున్నాను కనుక రాస్తున్నాను.

పుంత పొడిగానే ఉన్నది. ఉదయం మంచు పట్టి పైపొర కాస్త జిగటగా ఉన్నా ఎవరికీ ఫోర్ లో అవసరం పడలేదు. అందరూ ట్రాక్టరు గాడిలోనే చక్రాలు ఉంచి, బోదె (చేలకు నీరు పోయే చిన్న కాలువ) వైపు అంచు తొక్కకుండా వచ్చారు. గట్టు దిగిన తరువాత అసలు పాఠం మొదలైంది. వరద తీసిన ఒండ్రు చూడడానికి మహా అమాయకంగా ఉంటుంది. పైన పెచ్చు కట్టి, పలకలు పలకలుగా బీటలు వారి, ఏదో ఎండిన చెరువులాగా కనిపిస్తుంది. లంక సేద్యం గారు మాకు తేడా చూపించారు. పలకల అంచులు పైకి లేచి, అడుగు వేస్తే పెళుసుగా చిట్లుతుంటే లోపలిదాకా ఆరినట్లు. పలక చదునుగా ఉండి, బీటలో నల్లటి తడి మెరుస్తూ, మడమ కింద మెల్లగా ఊగుతుంటే కింద అంతా రొంపే. ఆయన వెదురు కర్ర గుచ్చితే మొదటి జానెడు బిగువుగా దిగింది, ఆ తరువాత చెయ్యి వదిలేసినా కర్ర తన బరువుకు తానే లోపలికి జారిపోయింది. పైకి తీసిన కర్ర కొసకు అంటిన మట్టి బూడిదరంగులో, వేళ్ల మధ్య రుద్దితే వెన్నలాగా ఉంది, ఇసుక పలుకు ఒక్కటీ తగలలేదు.

మొదటి రెండు బండ్లు కర్రలు పాతిన వరుసలో దాటాయి. మూడోది డీజిల్ జీపు, అన్నిటిలోకి బరువైనది. ముందు వెళ్లిన బండ్లు పెచ్చును చితగ్గొట్టి ఉండడంతో దాని ఎడమవైపు చక్రాలు రెండూ ఒకేసారి దిగిపోయాయి, కుడివైపువి పెచ్చు మీదే ఉండిపోయాయి. డ్రైవరు వెంటనే కాలు తీసి రివర్సు వేశారు, కానీ అప్పటికే ఛాసిస్ మట్టి మీద ఆనింది. మెట్టు వంటి ఫుట్‌బోర్డు కిందనుంచి గాలి బుడగలు వస్తున్న చప్పుడు వినిపించింది.

కైనెటిక్ తాడుతో లాగడానికి థార్‌ను ముందుకు తెచ్చాము, అదీ జారడం మొదలుపెట్టడంతో స్పానరు గారు ఆపించారు. రెండో బండిని కూడా దించుకోవడం తప్ప అందులో లాభం లేదు. దగ్గరలో కొబ్బరిచెట్లు ఉన్నాయి, వించి (బండికి బిగించిన, డ్రమ్ము మీద తాడు చుట్టుకుంటూ లాగే మోటారు) తాడు వాటికి కట్టుదామని ఒకరు అన్నారు. కొబ్బరికి తల్లివేరు ఉండదు, తడినేలలో అడ్డంగా లాగితే చెట్టు ఒరుగుతుంది, పైగా కాపుకొచ్చిన చెట్టు ఒక ఇంటి రాబడి. చివరకు గట్టు వైపు ఎత్తైన, ఆరిన నేలలో, లాగే దిశకు అడ్డంగా నడుము లోతు కందకం తవ్వి, అక్కడే పడి ఉన్న తాటిదుంగకు వెడల్పాటి పట్టీ చుట్టి పాతిపెట్టాము. పట్టీ బయటకు వచ్చే వైపు చిన్న వాలు కోయకపోతే దుంగ పైకి లేస్తుందట. దానికి కప్పీ తగిలించి, వించి తాడును రెండు వరసలుగా తిప్పాము. ఈలోగా మిగిలినవాళ్లు చక్రాల ముందు మట్టి తోడి, కొబ్బరి మట్టలను అడ్డంగా పరిచారు. మట్టలు చక్రం కింద పడి వెనక్కి విసురుగా వస్తాయి కాబట్టి బండి వెనక ఎవరినీ ఉంచలేదు. జీపు అంగుళం అంగుళంగా కదిలి, ఒక్కసారిగా ‘బుస్’మని మట్టి పట్టు వదిలింది, ఆ తరువాత దాని చక్రాలతోనే అది ఎక్కి వచ్చింది.

కాకినాడ జీపు:

ఆ జీపు నాదే. కందకాలు, కప్పీలు చూడముచ్చటగా ఉన్నాయి గానీ ఊళ్లో దమ్ము చక్రాల ట్రాక్టరు ఉండగా అంతసేపు తవ్వడం అవసరమా? ట్రాక్టరు వచ్చి ఉంటే టీ చల్లారేలోగా బయటపడేవాళ్లం.

లంక సేద్యం:

దమ్ము చక్రాలతో ట్రాక్టరును తారురోడ్డు ఎక్కించకూడదు, రోడ్డు పాడవుతుంది, జరిమానా కూడా వేస్తారు. అది రావాలంటే మామూలు చక్రాలతో గట్టుదాకా వచ్చి, అక్కడ చక్రాలు మార్చుకోవాలి. అంతా కలిపి మీరు తవ్విన సమయమే పడుతుంది. పైగా మీ జీపు మునిగిన చోట ట్రాక్టరు మునగదని నేను హామీ ఇవ్వలేను. వరిచేనికి అడుగున గట్టిపొర ఉంటుంది, అందుకే దమ్ము చక్రాలు నిలుస్తాయి. లంకకు ఆ పొర లేదని ముందే చెప్పాను.

స్పానరు:

లెక్క కూడా చూడండి. సైనిక వాహనాల రికవరీలో వాడే మోటు లెక్క ఒకటి ఉంది. చక్రాల లోతుకు దిగిన బండిని లాగడానికి దాని బరువంత బలం కావాలి, మడ్‌గార్డులదాకా దిగితే రెట్టింపు, క్యాబిన్ లోతుకు వెళ్తే మూడింతలు. కాకినాడ జీపు సామానుతో 1,800 కిలోలు అనుకుందాం. ఎడమవైపు మడ్‌గార్డు దాకా వెళ్లింది కాబట్టి సుమారు 3,600 కిలోల లాగుడు కావాలి. మన వించి 9,500 పౌండ్లది, అంటే దాదాపు 4,300 కిలోలు. కానీ ఆ అంకె డ్రమ్ము మీద చివరి వరస తాడు మాత్రమే మిగిలినప్పటిది. పైవరసల మీద లాగితే బలం తగ్గుతూ పోతుంది. అందుకే కప్పీ వేశాము, దానితో లాగుడు దాదాపు రెట్టింపయి, మోటారు మీద భారం తగ్గుతుంది. చక్రాల ముందు మట్టి తోడడం కూడా ఈ లెక్కలోదే, ప్రతి పార మట్టీ కావలసిన బలాన్ని తగ్గిస్తుంది. తవ్వడానికి బద్ధకించి తాళ్లు తెంపుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

కాకినాడ జీపు:

ఒప్పుకుంటాను, లెక్కముందు వాదన లేదు. సన్నటి టైర్ల మీద నా అభిప్రాయం మాత్రం పుంతకు పరిమితం చేసుకుంటున్నాను.

కొత్త బొలెరో:

బండ్లు ఎక్కడ కడిగారండీ? దారిలో కాలువ కనిపించింది, ఆపమంటే ఎవరూ ఆపలేదు.

గోదారి చక్రం:

తమ్ముడూ, ఆ కాలువ నీరే అనేక ఊళ్ల మంచినీటి చెరువుల్లోకి వెళ్తుంది. డీజిలు, గ్రీజు అంటిన బండిని అందులో కడగకూడదు. గట్టు దగ్గరే పారలతో చక్రాల లోపలి మట్టి గీకేశాము. రిమ్ముల్లో మట్టి గడ్డకడితే రోడ్డు మీద స్టీరింగు ఊగుతుంది. జాతీయ రహదారి మీద రాలిన బురద తడిస్తే వెనక వచ్చే మోటారు సైకిలువాళ్లు జారిపడతారు, గీకేయడానికి అది ఇంకా పెద్ద కారణం. మిగతా కడుగుడు సర్వీసింగు షెడ్లలో. రేడియేటరు రెక్కల్లో చిక్కిన ఒండ్రు ఎండితే సిమెంటే, మెల్లటి ధారతో లోపలి వైపు నుంచి కడిగించండి.

లంక సేద్యం:

పుంత సంగతి చెబుతాను. వెళ్లేటప్పుడు మీరు పద్ధతిగానే వెళ్లారు. వచ్చేటప్పుడు చీకటి పడుతుందన్న తొందరలో చివర వచ్చిన బండ్లు కొన్ని ట్రాక్టరు గాడి వదిలి బోదె అంచు మీదుగా వచ్చాయి. మా పంపుషెడ్డు దగ్గర అంచు రెండు బారల మేర విరిగి, బోదె సగం పూడింది. దాళ్వాకు (రెండో పంటకు) నీరు వదిలేలోగా అది తీయకపోతే కింది చేలకు అందదు. ఊళ్లో ఎవరూ కేకలు వేయలేదు, కానీ అందరూ చూశారు.

వైనతేయ తీరం:

ఎవరి బండ్లో తేల్చి వారి చేత ఖర్చు పెట్టించాలి.

పసుపు జిమ్నీ:

తేల్చుతూ కూర్చుంటే కోతలు వచ్చేస్తాయి. మాట ఇచ్చింది క్లబ్బు, కాబట్టి క్లబ్బే చేయాలి. వచ్చేసారికి నాదొక ప్రతిపాదన. మధ్యాహ్నం మూడు గంటలకు లంకలో ఏ బండి ఏ స్థితిలో ఉన్నా కొత్త ప్రయత్నాలు ఆపేసి, గట్టు ఎక్కడం మొదలుపెట్టాలి. చీకటి తొందర లేకపోతే ఎవరూ అంచు తొక్కరు.

స్పానరు:

మూడు గంటల నియమానికి నేను సరే. పుంతలో చివరి బండిగా నా ముందున్నవారి చక్రాలు గాడి వదిలితే అక్కడికక్కడే ఆపించే అధికారం కూడా చివరి బండికి ఇవ్వండి.

గోదారి చక్రం:

రెండూ ఈ రోజునుంచి నియమాలే. బాబాయిగారితో ఫోనులో మాట్లాడాను. శనివారం ఉదయం 7 గంటలకు ఆయన పంపుషెడ్డు దగ్గర కలుద్దాం. బోదె పూడిక చేత్తో తీయాలి, యంత్రం పెడితే అంచు ఇంకా విరుగుతుంది. పుంత గాళ్లకు ఒక తొట్టి ఇటుక ముక్కలు చెప్పాను, అద్దె ట్రాక్టరు బ్లేడుతో సర్దుతాడు, రెండు ఖర్చులూ క్లబ్బు నిధి నుంచే. వచ్చేవారు పార, గంప తెచ్చుకోండి. బండ్లు రోడ్డు మీదే ఆపి నడిచి రండి.

కొత్త బొలెరో:

నేను వస్తున్నాను. మా ఇంట్లో రెండు పారలు ఉన్నాయి.